వరహాలమ్మ మూడు వంగమొక్కలు

ఇటు తిరిగి పడుకో బంగారూ. ఇందాక వంకాయ కూర కంచం అంచుకి తోసేశావు, అమ్మమ్మ చూడలేదనుకున్నావా? సరే, ఆ వంకాయ కథే చెప్తాను. ఊఁ కొడుతుండాలి మరి.

అనగనగా గోదారి మధ్యన ఒక లంక. ఆ లంకలో ఒక ఊళ్ళో వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పెరట్లో తెల్లచారల వంకాయలు కాసేవి. ఆ విత్తనం వాళ్ళమ్మ ఇచ్చింది. ఏటా ఒక కాయని చెట్టు మీదే పండనిచ్చి, గింజల్ని బూడిదా పేడా కలిపి గోడకి పిడకలా కొట్టేది. తొలకరికి ఆ పిడక చిదిపి నారు పోసుకునేది.

ఒక ఏడు పెద్ద వరదొచ్చింది. గోడ నానిపోయి పిడక కాస్తా కొట్టుకుపోయింది. నీళ్ళు తీశాక చూస్తే గోడ మూల చిన్న ముక్క అంటుకుని ఉంది. అందులోంచి మూడంటే మూడే మొక్కలు మొలిచాయి. అవి కూడా పోతే అమ్మ ఇచ్చిన విత్తనం ఇంక ఎక్కడా లేనట్టే. అందుకని వరహాలమ్మ వాటిని కన్నపిల్లల్లా పెంచింది. పెద్దది, నడిపిది, చిన్నది అని పేర్లు కూడా పెట్టుకుంది.

కొన్నాళ్ళకి పెద్దదాని మొవ్వు, అదే కొసన ఉండే లేత చిగురు, వాలిపోయింది. ఆ తర్వాత నడిపిదాని ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. చిన్నది మాత్రం బుజ్జి బుజ్జి ఆకులతో పూలచెండులా గుబురుగా ఉంది.

"దిష్టి కొట్టిందే వరాలూ" అంది పక్కింటి సూరాయమ్మ.

వరహాలమ్మ నమ్మేసింది. పెద్దదానికీ నడిపిదానికీ చెరో పాత చెప్పు కట్టింది. చిన్నదానికి మాత్రం నల్లతాడు కట్టి, బియ్యం కడిగిన నీళ్ళన్నీ దానికే పోసింది. పాపం, ఆ రెండింటి వైపు చూడడమే మానేసింది.

అప్పుడు నారు అమ్ముకునే గవరమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఏరు దాటి వచ్చింది. మంచినీళ్ళడిగి, పెరటి వైపు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏటి వదినా, మొక్కలకి చెప్పులు తొడిగేవు? ఊరెళ్తన్నాయేటి?"

వరహాలమ్మ బావురుమని సంగతంతా చెప్పింది. అప్పుడు గవరమ్మ బుట్ట దించి పెద్దదాని దగ్గర కూర్చుంది. వాలిన మొవ్వు తుంచి గోటితో చీల్చింది. లోపల గులాబిరంగు పురుగు!

"ఇదీ నీ దిష్టి! వాలిన మొవ్వునల్లా తుంచి పొయ్యిలో పడెయ్యి. పక్కనించి కొత్తది వేత్తాది."

ఆ తర్వాత నడిపిదాని ఆకు తిప్పి చూసింది.

"ఇది ఆకుమచ్చ తెగులు. ఇన్నాళ్ళూ చెంబుతో ఆకుల మీంచే నీళ్ళు పోసేవు కదూ? మచ్చలాకులు తీసేసి, నీళ్ళు మొదట్లో పొయ్యి."

వరహాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. "మా చిన్నదాన్ని చూడు వదినా, ఎంత ముద్దుగా ఉందో!"

గవరమ్మ చిన్నదాన్ని చూసింది. గుబురంతా విడదీసి వెతికింది.

"ఒక్క పువ్వైనా పూసిందా వదినా ఇది?"

లేదు. వరహాలమ్మ ఆ సంగతే గమనించలేదు.

"ఇది వెర్రి తెగులు. ఆకు చిన్నదైపోయి గుబురు పెరిగిపోతాది, కాయ మాత్రం కాయదు. దీనికి మందు లేదు. పచ్చదోమ దీని రసం పీల్చి ఆ రెంటి మీదా వాలిందంటే వాటికీ ఇదే గతి. వేళ్ళతో సహా పీకెయ్యి, ఇయ్యాలే."

"నీళ్ళు పోసిన చేత్తో ఎలా పీకను వదినా?"

"పీకకపోతే మీ యమ్మ ఇత్తనానికే నీళ్ళొదులుకో."

వరహాలమ్మ ఒకసారి మొక్క మీద చెయ్యేసి తీసేసింది. రెండోసారి నల్లతాడు విప్పి ఏడ్చింది. మూడోసారి కళ్ళు మూసుకుని లాగేసింది. తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

నెల తిరిగేసరికి పెద్దది పూసింది, నడిపిది కాసింది. చెప్పులు విప్పి ఒకటి సూరాయమ్మకి ఇచ్చేసింది, అది ఆవిడదేలే! తొలికాయ చూస్తే నోరూరింది గానీ కొయ్యలేదు. పసుప్పచ్చగా పండనిచ్చి గింజలు తీసింది. ఈసారి ఒక్క గోడని నమ్మలేదు. తన గోడకి ఒక పిడక, సూరాయమ్మ గోడకి ఒకటి, ఏటి అవతల గవరమ్మ గోడకి ఒకటి కొట్టింది.

వరహాలమ్మ ఎవరనుకున్నావు? మా అమ్మ. మన పెరటి గోడ మీద పిడక చూసి ఛీ అని ముక్కు మూసుకున్నావే, అది ఆ విత్తనమే. నువ్వు తోసేసిన వంకాయా అదే. ఈ ఏడు ఆ పిడక నువ్వు కొట్టాలి బంగారూ. నా చెయ్యి వణుకుతోంది, గోడకి అంటడం లేదు. కొడతావు కదూ?

ఊఁ అన్నావు. నిద్రలో అన్నా సరే, అన్నట్టే లెక్క.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
గింజేమో గోడకి,
నిద్రేమో కంటికి!