ఏటి అవతలి స్వాగతద్వారం

పూర్వం కొండల నడుమ మొగిలిసీమ అనే బుల్లి రాజ్యం ఉండేది. దాన్ని రెండుగా చీలుస్తూ ఒక ఏరు. వానాకాలం వస్తే ఇవతలి వాళ్లు ఇవతలే, అవతలి వాళ్లు అవతలే. కిందటేడు ఒక నిండు చూలాలిని వైద్యుడి దగ్గరికి తెస్తున్న పడవ బోల్తాపడింది. ఒక్కరూ బతకలేదు.

పొరుగున పెద్ద సామ్రాజ్యం. దాని చక్రవర్తి గజవర్మ చిన్న దేశాల అభివృద్ధికని ఒక ధనాగారం తెరిచాడు. "మేం దాతలం కాము, మీ భాగస్వాములం" అని చాటింపు వేయించాడు.

వంతెనకు సాయం అడగమని మొగిలిసీమ రాజు తన ఆస్థానంలోని మాటకారి రేచాంబను పంపాడు.

చక్రవర్తి ఆమెను మాట పూర్తిచేయనివ్వలేదు. "వంతెన దేనికమ్మా? మా పండితులు అన్నీ ఆలోచించారు. మీకు కావలసింది ఘనమైన స్వాగతద్వారం. మీ రాజధాని ముందు, దాని మీద నా పేరుతో!"

రేచాంబకు ఒళ్లు మండింది. పైకి మాత్రం చేతులు జోడించింది.

"మహాప్రసాదం ప్రభూ! శంకుస్థాపన తమ చేతుల మీదుగానే జరగాలి. శ్రావణంలో దివ్యమైన ముహూర్తం ఉంది."

చక్రవర్తి పొంగిపోయి సరేనన్నాడు.

శ్రావణంలో పరివారంతో వచ్చి చూస్తే ఏరు ఒడ్డులొరసి పారుతోంది. రాజధాని, పందిళ్లు, మేళతాళాలు అన్నీ అవతలి ఒడ్డునే. ఏనుగు నీళ్లలో కాలుపెట్టి వెనక్కి తగ్గింది. పడవవాడు "నా వల్ల కాదు దొరా" అని దణ్ణం పెట్టేశాడు. ఏరు పొంగకముందే ఇవతలికి వచ్చిన రేచాంబ పక్కనే నిలబడి ఉంది.

"ముహూర్తం దాటిపోతోంది!" అని గర్జించాడు చక్రవర్తి. "ఇంత ఏటికి వంతెన లేదా? వద్దన్న తెలివితక్కువవాడెవడు? నాకు చూపించండి!"

పరివారం మెల్లగా నాలుగడుగులు వెనక్కి జరిగింది.

"నీళ్లు తేరుకున్నాక తమరే ఒకసారి ఏట్లోకి తొంగిచూడండి ప్రభూ," అంది రేచాంబ వినయంగా. "కనిపిస్తారు."

సేనాపతి చెయ్యి కత్తి మీదికి పోయింది. చక్రవర్తి మీసం అదిరింది. మరుక్షణం ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సరే, వంతెన ఎక్కడ కట్టాలో చెప్పు!"

"నన్ను కాదు, రోజూ ఏరు దాటేవాళ్లను అడగండి."

ఆయన వానలోనే కూర్చుని అడిగాడు. మునిగిపోయిన పడవ సంగతి విన్నాక వెంటనే లేచాడు. ద్వారం కోసం తెచ్చిన రాళ్లన్నీ అక్కడే దింపించాడు.

మరుసటి వానలకు వంతెన లేచింది. రెండు ఒడ్డుల జనం డప్పులు మోగిస్తుండగా చక్రవర్తి నడిమధ్య ఆగి, మెడలోని ముత్యాలహారం తీసి రేచాంబకు ఇచ్చాడు.

"ఇది నన్ను తెలివితక్కువవాడన్నందుకు," అని రెండో హారం కూడా తీశాడు. "ఇది మళ్లీ అనకుండా ఉండేందుకు!"

అందరికంటే బిగ్గరగా ఆయనే నవ్వాడు.