కుడిచేతి నాడి

మానేపల్లి సోమసుందరం గారు తునిలో నాడి చూసి మందిచ్చే వైద్యులు. ఆయనకో అలవాటుంది. అడిగిన ప్రశ్నకు అడిగిననాడు జవాబు చెప్పరు. ఆయన దగ్గర కల్వంలో మందు నూరుతూ ఆరేళ్ళు గడిపిన నేను, ఈ అలవాటుతో ఎన్నిసార్లు విసిగిపోయానో లెక్కలేదు.

శిష్యురాలు ఇందుమతికి నాపాటి ఓపిక కూడా లేదు. ఆయుర్వేదంలో పట్టా పుచ్చుకుని, నాడి చూడడం నేర్చుకోవడానికి వచ్చిన మనిషి. ఓ సోమవారం ఉండబట్టలేక అడిగేసింది. "గురువుగారూ, జబ్బు పేరు దొంగ వైద్యుడూ చెబుతాడు, అసలు వైద్యుడూ చెబుతాడు. ఇద్దరి మాటా ఒకలాగే ఉంటుంది. తేడా ఎక్కడ తెలుస్తుందండీ?" ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని తర్వాతి రోగిని పిలిచారు.

గురువారం పొద్దున ఇందుమతి చాప మీద కూర్చుని, ఏదో మొక్క శాస్త్రీయనామం కోసం ఫోన్‌లో వెతుకుతోంది. ఉన్నట్టుండి తెర ఎర్రబడింది. ఫోన్ గుయ్యిమంటూ వణికింది. 'మీ ఫోన్‌లో పదమూడు వైరస్‌లు ఉన్నాయి. రెండు నిమిషాల్లో మీ ఫైళ్ళన్నీ చెరిగిపోతాయి. వెంటనే శుభ్రం చేయండి' అని తెలుగులోనే రాసి ఉంది. కింద ఆకుపచ్చ బటన్, పక్కనే తగ్గిపోతున్న సెకన్లు. ఆమె చటుక్కున లేచి నిలబడింది.

ఆ ఫోన్‌లో ఏముందో మా ముగ్గురికీ తెలుసు. ఏ ఆకు ఏ నెలలో కోయాలో, ఏ వేరు ఎలా ఎండబెట్టాలో గురువుగారి భార్య సూర్యకాంతమ్మ గారు స్వయంగా చెప్పిన ముప్ఫై ఏడు రికార్డింగులు. ఆవిడ నిరుడు పోయారు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. మరోచోట దాచాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు, అది మా బుద్ధితక్కువ.

"అమ్మగారి గొంతు పోతుందండీ" అంటూ ఇందుమతి కుడిచేతి బొటనవేలు బటన్ మీదికి పోనిచ్చింది. గురువుగారు ఆ మణికట్టు పట్టుకున్నారు. మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఇదా నాడి చూసే సమయం అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇందుమతి ఆయన వేళ్ళ వంక చూసింది. నెమ్మదిగా ఊపిరి తీసుకుంది. "ఆడవాళ్ళకి చూడాల్సింది ఎడమచెయ్యి కదండీ" అంది.

"నేను చూడ్డానికి పట్టుకోలేదమ్మా" అని ఆయన చెయ్యి వదిలేశారు.

ఇంకా నలభై సెకన్లున్నాయి. ఇప్పుడు ఆపేవాళ్ళు లేరు. నేనైతే ఆ బటన్ ఎప్పుడో నొక్కేసేవాణ్ణి, అందులో దాపరికమేముంది. ఆమె మాత్రం ఆ రాతను మళ్ళీ మొదటినుంచి చదివింది. "నేను తెరిచింది మొక్కల పేజీ. నా ఫోన్ లోపల ఏముందో ఆ పేజీకెలా తెలుస్తుందండీ? ఎవరు చూసి చెప్పారు పదమూడని? నేను నొక్కను" అంది.

సున్నా వచ్చింది. ఏమీ జరగలేదు. కాసేపాగి, సెకన్లు సిగ్గులేకుండా మళ్ళీ రెండు నిమిషాల దగ్గర మొదలయ్యాయి.

ఆ తర్వాత ఇందుమతి ఎవరి సలహా కోసమూ చూడలేదు. మూలనున్న ఇంటూ గుర్తును కూడా తాకలేదు. అదీ ఆ మోసగాడు పెట్టిందేనంది. నెట్ ఆపి, బ్రౌజర్‌నే మూసేసింది. సెట్టింగుల్లోకి వెళ్ళి ఆ పేజీల జాడలు చెరిపింది, ఆ సైటు నోటిఫికేషన్లు పంపకుండా కట్టడి చేసింది. తను పెట్టని యాప్ ఏదైనా దూరిందేమోనని జాబితా అంతా చూసింది. ఏదీ లేదు. అప్పుడు మొదటి రికార్డింగు నొక్కింది. "నల్లేరు లేతదే తుంచాలమ్మా, ముదురుదైతే నోరు దురద" అంది సూర్యకాంతమ్మ గారి గొంతు. గురువుగారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ముప్ఫై ఏడింటినీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి, ఒకటి నా చేతిలో పెట్టి, పోగొడితే ఊరుకోనని మరీ చెప్పింది.

సాయంత్రం రోగులు రావడం మొదలైంది. గురువుగారు పీట సర్దుకుంటూ ఆమె వైపు చూశారు.

"సోమవారం తేడా అడిగావుగా. కూర్చున్నదానివి, నిన్ను లేపేశాడమ్మా వాడు" అన్నారు. "మన దగ్గరికి వచ్చినవాళ్ళని మనం ముందు కూర్చోమంటాం."