ఏటిగట్టు చేను కాపలా

చింతలకోట రాజ్యంలో జొన్నచేలకు వడిసెలతో రాళ్లు విసిరేవాళ్లే కాపలా. కోతయ్యాక ఎవరి చేలో గింజ ఎక్కువ మిగిలితే వాడికి రాజు వెండి కడియం తొడిగేవాడు. తక్కువ మిగిలినవాడికి పని పోయేది.

ఆ ఏడు పని పోయినవాడు మారెప్ప. అతనిది ఏటిగట్టు చేను, పక్కనున్న చెట్ల నిండా చిలకలే. కడియం దళపతి బావమరిది సింగనకు దక్కింది. అతనిది చుట్టుపక్కల ఒక్క చెట్టూ లేని మెట్టచేను.

మళ్లీ విత్తనాల వేళకు మారెప్ప భార్య పోలమ్మ కొలువుకు వచ్చింది.

“ఏమ్మా, మీ ఆయన వడిసెలతో చిలకలకు ఉయ్యాల ఊపాడటగా?” అన్నాడు దళపతి. కొలువంతా నవ్వింది.

“అవునయ్యా, అందుకే వచ్చాను,” అంది పోలమ్మ. “ప్రభూ, సింగనగారి లాంటి మొనగాణ్ణి పిట్ట వాలని చోట కూర్చోబెట్టడం దండగ కదా? ఈసారి ఏటిగట్టు చేను ఆయనకే ఇవ్వండి.”

రాజుకు మాట సబబుగా తోచింది. కాదంటే బావమరిది పరువు పోతుందని దళపతి కూడా తలూపాడు.

ఆ పంటకు ఏటిగట్టున, మారెప్ప మిగిల్చినదాంట్లో సగం కూడా మిగల్లేదు. మెట్టచేను కాసిన ముసలివాడు మంచె మీద నిద్రపోయినా అక్కడ గింజ పోలేదు. రాజు నొచ్చుకుని, మారెప్పను తీసుకురమ్మని పోలమ్మనే పంపాడు.

మారెప్ప అంతా విన్నాడు. వడిసెల తీసి, ఎదురుగా ఉన్న పాతకుండ మీదికి రాయి విసిరాడు. రాయి ఎక్కడో పడింది.

“ఏడాదంతా నా గురే పోయిందనుకున్నానే పోలీ,” అన్నాడు. “అనుకుని అనుకుని నిజంగానే పోగొట్టుకున్నాను.”