తలకెక్కే రెండక్షరాలు

వెలుగుకొండ రాజుకి గళ్లలో మాటలు నింపే ఆటంటే పిచ్చి. ఒకనాడు సభలో రెండు గళ్లు మిగిలిపోయాయి. "కొబ్బరిలో పుడుతుంది, తలకెక్కుతుంది" అన్నది వాటికి ఆధారం. నింపినవాళ్లు ఏం కోరినా ఇస్తానన్నాడు రాజు.

గానుగ ఆడించే పోలమ్మ లేచి, "నూనె, ప్రభూ" అంది.

ఆస్థాన పండితుడు విశ్వపతి శాస్త్రి నవ్వాడు. చప్పుడు తన పారాయణానికి అడ్డమని ఆమె గానుగని ఊరి బయటికి పంపించినవాడు ఆయనే.

"నువ్వుల నెయ్యి కాబట్టి అది నూనె అయింది. కొబ్బరిలో నువ్వులెక్కడివే? సరైన మాట తైలం."

"కావచ్చు అయ్యగారూ. మరి తైలం అన్న మాట ఎలా వచ్చిందండీ?"

"తిలల నుంచి వచ్చింది గనక..." అంటూనే శాస్త్రి ఆగిపోయాడు. తిలలంటే నువ్వులేనని సభలో అందరికీ తెలుసు.

"రెండూ నువ్వులవే అయితే ముందు చెప్పిందే రాద్దాం" అన్నాడు రాజు.

మర్నాడే పోలమ్మ కోరినట్టు గానుగ పాత చోటికి, శాస్త్రి కిటికీ కిందికి వచ్చేసింది. వారం తిరక్కుండా ఆయనే గిన్నె పట్టుకుని దిగాడు.

"ఏం కావాలండీ?" అంది పోలమ్మ.

శాస్త్రి అటూ ఇటూ చూశాడు. "అదే... ఆ రెండక్షరాలది, ఓ గిద్దెడు పొయ్యమ్మా."