చిక్కుడు కొత్త

గంగయ్య మాస్టారు అడిగినదానికి నేరుగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఎవరేమడిగినా ఒక పని చెప్పి పంపేస్తారు. అయినా శబరి ఒడ్డునున్న ఆ కోయగూడెం కుర్రకారు ఆదివారమైతే ఆయన పంచ వదలరు. తమ బతుకుల్ని తామే కథలుగా రాసుకోవడం వాళ్లకు ఆయన అంటించిన పిచ్చి.

ఓ ఆదివారం ఊకె సోమి జాబొకటి పట్టుకుని వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. తన పేరు అచ్చులో చూసుకోవాలని ఒకటే ఆరాటం. కోయ పిల్లల కథలతో పుస్తకం వేస్తున్న పట్నం పెద్దమనిషి రాసిన జాబది. "కథ బాగుంది గానీ, ఇందులో అడవేదమ్మా? కొమ్ముల నాట్యం, డోలు దెబ్బ పెట్టి పంపు, వేస్తాను" అన్నాడాయన. సోమి రాత్రికి రాత్రే అన్నీ పెట్టేసింది. నిండు పున్నమి, నెమలీకలు, ఇరవై మంది ఆటగాళ్లు! అసలు కథ కాస్తా ఎగిరిపోయింది.

"వాళ్లడిగినట్టు రాస్తే తప్పేంటి మాస్టారూ?" అంది.

"పాతదీ కొత్తదీ రెండూ మీ అవ్వకు చదివి వినిపించి రా, కవరు నేనే అంటిస్తాను" అన్నారాయన.

చిక్కుడు కొత్త అయి నాలుగు రోజులైంది. తొలికాపు వేల్పుకీ, పోయిన పెద్దలకీ పెట్టందే కోయవాళ్లు నోట పెట్టరు. ఆ పెట్టడమే కొత్త. అవ్వ చాట ముందేసుకుని కాయలు ఒలుస్తోంది. సోమి మొదట కొత్తగా రాసింది చదివింది. అవ్వ ఆటలకు తలూపింది, డోళ్లకు నవ్వింది. అంతా విని, "బాగుందే. ఆ పిల్లది ఏ ఊరు?" అంది.

ఆ పిల్ల సోమే. ఇక చేసేదిలేక పాతది తీసింది. ఏడేళ్లప్పుడు ఆకలికి ఆగలేక, కొత్త కాకముందే నాలుగు కాయలు దొంగిలించి నిప్పుల్లో కాల్చుకు తిన్న కథ అది. పండుగనాడు అవ్వ ఎందుకో ముద్ద ముట్టలేదన్నది ఆఖరి మాట.

అవ్వ చేతులు ఆగిపోయాయి. "తిన్నది నువ్వేనని నాకు తెలుసే పిల్లా. తొక్కలు బూడిదలోనే వదిలేస్తివి. వేల్పు నీమీద అలగకూడదని నేను పస్తున్నా" అంది. సోమి అవ్వ ఒళ్లో తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. పదకొండేళ్లుగా మోసిన బరువు దిగిపోయింది.

సాయంత్రం అవ్వ ఇచ్చిన చిక్కుడుకాయలు కొంగున కట్టుకుని మాస్టారి పంచకెళ్లింది. పాత కాగితాలే కవరులో పెట్టి ఆయన చేతికిచ్చింది. కానీ పిల్లకు ఆశ చావలేదు.

"వాళ్లు వెయ్యకపోతే మాస్టారూ?"

మాస్టారు కవరు అంటించి, ఓ కాయ తీసుకుని ఒలిచారు.

"సంతలో అమ్ముడుపోని కాయలు ఇంటికే వస్తాయమ్మా. కొత్త పెట్టినవే కదా, మనం తినొచ్చు."