వెల్ అంటే బావి

కుంపిణీ దొరల కాలంలో తేరుకొండ అనే ఒకానొక చిన్న సంస్థానాన్ని బసవభూపాల నాయనివారు ఏలుతుండేవారు. మనిషి చెడ్డవాడు కాడు గాని, తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం. దానికి ఆరు నెలల ఇంగ్లీషు చదువు తోడైంది.

జిల్లా కలెక్టరు దొర సంస్థానం చూడడానికి వస్తున్నాడని కబురు అందింది. అప్పటినుంచి రాజుగారికి వేరే ధ్యాస లేదు. స్వయంగా కూర్చుని మూడు వందల మాటలతో ఒక ఇంగ్లీషు నిఘంటువు రాశారు. ఒక్కో మాటకు ఒక్కటే అర్థం.

"ఒక మాట రెండు పనులు చేసిందంటే, రెండు కొలువుల్లో జీతం తినే నౌకరుతో సమానం. అలాంటివి నా దగ్గర చెల్లవు" అని నిండు దర్బారులో ప్రకటించారు. అంతటితో ఆగక, ఇకమీదట అర్జీలన్నీ ఇంగ్లీషులోనే రాయాలని ఉత్తరువు చేశారు.

ఆ ఉత్తరువు దెబ్బ ముందుగా తగిలింది సాలెపేటకు. పేటలో నలభై మగ్గాలున్నాయి, ఒక్క బావి కూడా లేదు. ఊరవతల కుంటలో నీళ్ళు పచ్చబడిపోయాయి. అవి తాగినవాళ్ళు వాంతులతో మంచాన పడుతున్నారు. పేట కింద అంతా బండ. బావి తవ్వాలంటే తుపాకి మందు పెట్టి పేల్చాలి. ఆ మందు కోటలో తప్ప దొరకదు.

పేట పెద్ద నాగులమ్మ నేరుగా దుబాసీ శోభనాద్రి ఇంటికి వచ్చింది. దొరలు చెప్పింది రాజుగారికీ, రాజుగారు చెప్పింది దొరలకూ మార్చి చెప్పడం అతని ఉద్యోగం.

"బాబూ, మా గోడు ఆ భాషలో రాసిపెట్టండి. నా కోడలు నాలుగు రోజులుగా మంచం దిగలేదు" అంది.

శోభనాద్రి రెండే వాక్యాలు రాశాడు. మా పేట జనానికి ఒంట్లో బాగాలేదు. మాకు బావి కావాలి. ఇంగ్లీషులో ఒంట్లో బాగుండడానికీ వెల్ అనే మాటే, బావికీ వెల్ అనే మాటే. రెండు చోట్లా అదే పడింది.

మర్నాడు రాజుగారు అర్జీ అందుకుని నిఘంటువు తెరిచారు. వెల్ అన్న మాట మీద వేలు పెట్టి పైకి చదివారు.

"వెల్ అంటే బావి. మరి ఇందులో ఏముంది? మా జనం బావి కాదు, మాకు బావి కావాలి అని ఉంది. మనుషులు బావులు కారని ఈవిడ చెబితేగాని మాకు తెలియదా?"

దర్బారంతా నవ్వింది. రాజుగారు అర్జీని పక్కన పడేశారు.

నాగులమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. శోభనాద్రి వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "జనం మంచాన పడ్డారని చెబితే వీళ్ళెందుకు నవ్వుతున్నారు బాబూ?"

ఆ రాత శోభనాద్రిది. దానివల్ల నవ్వులపాలైంది ఆవిడ. అతను రెండడుగులు ముందుకు వేశాడు.

"ప్రభూ, తప్పు అర్జీది కాదు. ఆ మాటకు ఒకటి కాదు, నాలుగైదు పనులున్నాయి. ఒకచోట నామవాచకం, ఇంకోచోట విశేషణం, మరోచోట క్రియ. దొరల పుస్తకాలు తెచ్చి చూపిస్తాను."

"దొరల పుస్తకాల్లో తప్పులుండవా?" అన్నారు రాజుగారు. "పుస్తకాలు వద్దు. మా నోటితో చెప్పించు. మూడు రోజులు గడువు. ఈ దర్బారులో మా నోట ఆ మాట బావి అనే అర్థంలో కాక వేరే అర్థంలో వస్తే, నువ్వడిగింది ఇస్తాం. రాకపోతే కొలువు వదిలి వెళ్ళిపో."

పన్నెండేళ్ళ కొలువు అది. శోభనాద్రి ఒప్పుకున్నాడు.

మొదటి రోజు ఒక అనువాదం చేసి రాజుగారి ముందు పెట్టి, ఎలా ఉందో ఇంగ్లీషులో సెలవివ్వమన్నాడు. రాజుగారు కాసేపు ఆలోచించి "గుడ్" అన్నారు. సభలో చప్పట్లు మోగాయి.

రెండో రోజు మంచి గొంతున్న గాయకుణ్ణి తీసుకొచ్చి పాడించాడు. ఎంత బాగా పాడాడో ఇంగ్లీషులో చెప్పమన్నాడు. రాజుగారు చిరునవ్వుతో మెడలోని పూలదండ తీసి గాయకుడి చేతిలో పెట్టారు. నోరు మాత్రం మెదపలేదు.

ఆ సాయంత్రం శోభనాద్రి సాలెపేటకు వెళ్ళాడు. నాగులమ్మ కోడలికి గంజి పట్టిస్తోంది. ఆ పిల్ల కళ్ళు లోపలికి పోయాయి.

"మాకోసం మీ కొలువు పోగొట్టుకోకండి బాబూ. వెళ్ళి తప్పైందని చెప్పండి" అంది నాగులమ్మ.

"ఇంకా ఒక రోజుంది. రేపు పేటలోని ఆడవాళ్ళందర్నీ కడవలూ చేంతాళ్ళూ తీసుకుని దర్బారుకు రమ్మను" అన్నాడు శోభనాద్రి.

మూడో రోజు శోభనాద్రి దిగులు మొహంతో వచ్చి రాజుగారికి నమస్కరించాడు.

"ప్రభూ, నా కొలువుకి ఇది ఆఖరి రోజు. కలెక్టరు దొర వచ్చేసరికి నేనుండను. దొరను ఏలినవారు ఎలా పలకరిస్తారో ఒక్కసారి చూసి, ఏ లోటూ లేదని తృప్తిపడి వెళతాను. నేనే దొరననుకోండి."

రాజుగారికి ఆ మాట బాగా నచ్చింది. కలెక్టరు దొరతో చెప్పాల్సిన మాటలను నెల రోజులుగా అద్దం ముందు వల్లెవేస్తున్నారు. వినేవాళ్ళు దొరకడమే తక్కువ. సింహాసనం దిగి, కోటు సర్దుకుని, చెయ్యి ముందుకు చాచారు.

శోభనాద్రి ఆ చెయ్యి అందుకుని దొర యాసలో అడిగాడు. "హౌ ఆర్ యూ, రాజా?"

"ఐ యామ్ వెరీ వెల్, థాంక్యూ" అన్నారు రాజుగారు గడగడా.

శోభనాద్రి చెయ్యి వదలలేదు. సభవైపు తిరిగి తెలుగులో చెప్పాడు. "విన్నారు కదా. ఏలినవారు తాము చాలా బావి అని సెలవిచ్చారు. నిఘంటువులో ఆ మాటకు మరో అర్థం లేదు."

సభ బిగుసుకుపోయింది. నవ్వితే ఏమవుతుందోనని ఎవరూ ఊపిరి కూడా తీయడం లేదు. కంఠస్థం చేసిన ఆ వాక్యంలో ఏ మాటలున్నాయో రాజుగారు ఏనాడూ విడదీసి చూసుకోలేదు. ఇప్పుడు చూసుకుని మొహం ఎర్రబరుచుకున్నారు.

"అది... క్షేమంగా ఉన్నామని చెప్పడం."

"అలాగైతే మాటకు రెండో పని ఉన్నట్టే ప్రభూ. లేదంటే మీరు బావి అయినట్టు. రెంటిలో ఏదైనా మాకు సమ్మతమే. మీరే బావి అయితే చేదుకోవడానికి వచ్చినవాళ్ళు వాకిట్లో ఉన్నారు."

తలుపులు తెరిచారు. నాగులమ్మ వెనక ముప్పైమంది ఆడవాళ్ళు కడవలు చంకన పెట్టుకుని, చేంతాళ్ళు భుజాన వేసుకుని బారులు తీరారు. నాగులమ్మ చేంతాడు విప్పుకుంటూ రాజుగారిని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎటువైపు నుంచి తోడమంటారు దొరా?" అని అడిగింది.

రాజుగారి పెదవులు వణికాయి. కోపమనుకుని మంత్రి వెనక్కి జరిగాడు. కాని ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. అప్పుడుగాని సభ నవ్వలేదు.

"వెల్, వెల్" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ.

"అది మూడో పని ప్రభూ. ఆశ్చర్యపోవడం" అన్నాడు శోభనాద్రి.

"వెల్ డన్, శోభనాద్రీ."

"అది నాలుగోది. ఎంత బాగా చేశారో చెప్పే క్రియావిశేషణం."

"ఇక నోరు మూసుకుంటాం" అని రాజుగారు వెంటనే కోట మందుగుండు సాలెపేటకు పంపించారు.

పదకొండు రోజులు బండ పేలింది. పన్నెండో రోజు రాజుగారు స్వయంగా వచ్చి గట్టు మీద నిలబడ్డారు. అడుగున రాతి పగులులోంచి నీళ్ళు చిన్నగా మొదలై, చూస్తుండగానే ఉబికి పైకి వచ్చాయి.

"నీళ్ళిలా ఊరడాన్ని దొరలు ఏమంటారు?" అని అడిగారు.

శోభనాద్రి కొంచెం తటపటాయించాడు. "వెల్ అనే అంటారు ప్రభూ. ఇక్కడ అది క్రియ. కళ్ళలో నీళ్ళు ఊరినా అదే మాట."

రాజుగారు ఈసారి గట్టు మీద కూలబడి మరీ నవ్వారు. తన శాలువా తీసి శోభనాద్రికి కప్పి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"అర్జీలు తెలుగులో తీసుకోండి ప్రభూ. అంతే చాలు."

"రేపటినుంచే" అన్నారు రాజుగారు. పక్కనున్న రాయసగాణ్ణి పిలిచి ఆ ఉత్తరువు అక్కడే రాయించారు.

నాగులమ్మ అదంతా వినడానికి ఆగలేదు. మొదటి కడవ నిండగానే తల మీద పెట్టుకుని, కోడలు పడుకున్న ఇంటివైపు గబగబా నడిచింది.