కుక్క తల పక్కకి ఎందుకు వాలుస్తుంది

ఒకప్పుడు కుక్క మెడ పందిరి గుంజలా నిటారుగా ఉండేది. ఎవరు పిలిచినా, ఎవరు తిట్టినా తల అటూ ఇటూ వాలేది కాదు. నవ్వకండి. నవ్వితే ఇక్కడితో ఆపేస్తాను. నాకేం, బోలెడు పనులున్నాయి.

సరే, వినండి. అప్పట్లో కుక్కకి ఇల్లూ వాకిలీ లేవు. గుట్ట మీద తోడేలు మామతో కలిసి తిరిగేది. దొరికినదాన్ని పట్టుకునేవాళ్లు, అక్కడికక్కడే తినేసేవాళ్లు. అంతా పచ్చిదే. వండుకోవడమంటే ఏమిటో వాళ్లకి తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

ఒక ఎండాకాలం ఆ గుంపులో ఒక కుక్కకి కాల్లో తుమ్మముల్లు దిగింది. చెవి మీద తెల్ల మచ్చ ఉండేది కాబట్టి వాడి పేరు మచ్చడు. గుంపు ఆగలేదు, వెళ్లిపోయింది. మచ్చడు మూడు కాళ్ల మీద కుంటుకుంటూ గుట్ట దిగి, కింద ఉన్న గొర్రెల దొడ్డి దగ్గర కూలబడ్డాడు. ఆ దొడ్డి ఓబుళవ్వది. నలభై గొర్రెలు, ఒక గుడిసె, నాలుగు కోళ్లు, పొయ్యిలో నిప్పు. ఆమెకి ఇంకెవరూ లేరు.

ఓబుళవ్వ వాడి కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు తీసింది. పసుపు అద్దింది. పాపం, ఎంత నొప్పి పుట్టిందో అని కాసేపు ఊదింది కూడా.

"అవ్వా, నాకిక్కడే ఉండాలనుంది. నీ గొర్రెల్ని కాస్తా," అన్నాడు మచ్చడు.

"ఉండు నాయనా. కూడు నేను పెడతా," అంది ఓబుళవ్వ.

అంతే. తంటా అంతా అక్కడే మొదలైంది.

ఎందుకంటే గొర్రెలు కాసే ఆ మనుషులకి రెండు కట్టుబాట్లున్నాయి. నిప్పు ముట్టనిది ఎవరి నోట్లోనూ పెట్టకూడదు. ఇంకోటి, ఇంటికొచ్చినవాళ్లు కడుపునిండా తిని లేచేదాకా ఇంటావిడ మెతుకు ముట్టకూడదు. వచ్చినవాళ్లు మనుషులే అయ్యుండాలని ఎవరూ చెప్పలేదు కదా! కాబట్టి మచ్చడూ చుట్టమే.

ఆరోజే ఒక పొట్టేలు బండ మీదినుంచి జారిపడి చచ్చింది. ఓబుళవ్వ దాన్ని కోసి, చుట్టానికి మర్యాదగా ఉండాలని కారం దండిగా వేసి, చింతపండు పులుసు పోసి వండింది. రాగిసంగటి కెలికింది. ఎముకల్ని కూడా వదల్లేదు. వాటికీ నిప్పు ముట్టాలి కదా! పెళపెళలాడేదాకా బొగ్గుల మీద కాల్చి పళ్లెంలో పెట్టింది.

మచ్చడు ఒక ముద్ద తిన్నాడు. నాలుక భగ్గుమంది. ముక్కు కారింది. ఎముకైనా తిందామని కొరికితే అది పెళుక్కున విరిగి, పెంకుముక్క గొంతులో అడ్డం పడింది. ఖళ్ళు ఖళ్ళున దగ్గాడు. ఓబుళవ్వ కంగారుగా వాడి నోట్లో వేళ్లు పెట్టి ఆ ముక్క బయటికి లాగింది.

"ఎట్లుంది నాయనా?"

"బాగుందవ్వా," అన్నాడు మచ్చడు. కళ్లనీళ్లు జలజలా కారుతున్నాయి. మొదటిరోజు కదా, మొహమాటం.

"బాగుంటే ఎందుకు వదిలేసినావు?"

మచ్చడు తోక కాళ్ల మధ్య దాచుకున్నాడు. ఓబుళవ్వ కుండ మీద మూత పెట్టేసి పక్కకి జరిగింది.

"నువ్వు తినవా అవ్వా?"

"నాకు ఆకలి లేదులే."

మచ్చడు నమ్మాడు. గుట్ట మీద ఆకలేసినవాడు ఆకలి లేదని ఎప్పుడూ అనడు మరి.

రెండోరోజు ఆమె కారం తగ్గించింది. వాడు వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. గొంతు ఇంకా పచ్చిపుండే. ఆమె చెంబెడు నీళ్లు తాగి గొర్రెల్ని తోలుకుని వెళ్లింది.

సాయంత్రం పొద్దు గుట్ట మీద ఉండగానే తోడేలు వచ్చి కంచె అవతల నిలబడింది.

"ఏరా అల్లుడూ, డొక్కలు లెక్కపెట్టేట్టున్నాయే! ఏం పెడుతోంది ఆ ముసలిది?"

"వండి పెడుతోంది మామా."

"వండా! మీ తాత వండుకుని తిన్నాడా? మా నాయన పొయ్యి రాజేశాడా? పచ్చిది తినరా. లేదంటే నాతో వచ్చేయ్."

మచ్చడు ఓబుళవ్వ దగ్గరికి వెళ్లి, "అవ్వా, నాకు పచ్చిది కావాలి," అన్నాడు.

ఓబుళవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "పచ్చిదా? నిప్పు ముట్టనిదా? అయ్యో నాయనా, మా ఇంటా వంటా లేదే!"

కట్టుబాట్లు పెట్టిన పెద్దలు కోపగిస్తారేమోనని ఒకవైపు భయం. కుర్రవాడు ఎండిపోతున్నాడని ఇంకోవైపు బాధ. చివరికి, "పెద్దలకి నేను చెప్పుకుంటాలే," అని లేచింది.

కానీ పచ్చిది పెట్టడమంటే ఆమెకేం తెలుసు! పుట్టి బుద్ధెరిగాక ఎవరికైనా పెట్టిందా? మూడోరోజు పొద్దున్నే రాగిపిండి నీళ్లలో కలిపింది. గుప్పెడు ఉలవలు వేసింది. కందగడ్డ ముక్కలు కోసి వేసింది. కంచె మీద రెండు రోజులనుంచి ఎండలో వేలాడుతున్న పొట్టేలు మాంసం తెచ్చి అన్నీ కలిపి ముద్దలు చేసింది.

"అంతా పచ్చిదే నాయనా. తిను."

మచ్చడు ఆశగా కంద ముక్క కొరికాడు. అంతే! నాలుక దురద, పెదవులు దురద, గొంతు దురద. గుడిసె చుట్టూ ఏడుసార్లు పరుగెత్తాడు. గొర్రెలన్నీ బెదిరిపోయి వాడి వెనకే ఏడుసార్లు పరుగెత్తాయి, ఎందుకు పరుగెత్తుతున్నాయో వాటికే తెలీదు. దురద తగ్గాక మాంసం కూడా తిన్నందుకు మధ్యాహ్నానికి కడుపు గుడగుడలాడింది. తిన్నదంతా కక్కేశాడు.

"పచ్చిదంటే ఇప్పుడే కోసిన మాంసమురా, మెత్తని ఎముకరా!" అని కంచె అవతల తోడేలు నెత్తి కొట్టుకుంది. "కందగడ్డ ఎవరు పెట్టమన్నారు?"

"అందుకే చెప్పేది, నా దగ్గరికి వచ్చిందే మంచి తిండని," అంది పొయ్యిలో నిప్పు.

"ఎముకని కాల్చి వాడి గొంతు కోసింది నువ్వు కాదా?"

"కుళ్లిన మాంసంలో పురుగుని చంపేది నేను కాదా?"

"నిన్ను ఎవడడిగాడు?"

"నిన్ను ఎవడు పిలిచాడు?"

ఇద్దరూ తిట్టుకుంటూనే ఉన్నారు. తోడేలు చెప్పింది వింటే తోడేలుదే నిజమనిపించింది మచ్చడికి. నిప్పు చెప్పింది వింటే నిప్పుదే నిజమనిపించింది. కోళ్లు మాత్రం, "మీకేది తోస్తే అది పెట్టుకోండి, మా వైపు మాత్రం చూడకండి," అన్నాయి. నాలుగోరోజు అట్లా తిట్లతోనే గడిచిపోయింది. మచ్చడు తినలేదు. ఓబుళవ్వా తినలేదు.

ఐదోరోజుకి ఓబుళవ్వ వైపు చూస్తే జాలేస్తుంది. గోడ పట్టుకుని నడుస్తోంది. అయినా కత్తి తీసుకుని కోళ్ల దగ్గరికి వెళ్లింది. నాలుగు కోళ్లు మూడయ్యాయి. సగం మాంసం పచ్చిగానే, అప్పుడే కోసింది కోసినట్టు ఒక గిన్నెలో పెట్టింది. మిగిలిన సగం ఎముకలు తీసేసి, కారం వెయ్యకుండా మెత్తగా ఉడకబెట్టి, చల్లార్చి ఇంకో గిన్నెలో పెట్టింది. రెండూ తెచ్చి మచ్చడి ముందు పక్కపక్కనే ఉంచింది.

"నాకింక తెలీదు నాయనా. నీకేది సరిపోతే అది తిను. నీకు పుణ్యముంటుంది, ఏదో ఒకటి తిను!"

"పచ్చిది తినరా!" అంది తోడేలు కంచె అవతలనుంచి.

"వండింది తిను అబ్బీ!" అంది నిప్పు.

మచ్చడు ఈ గిన్నె చూశాడు. ఆ గిన్నె చూశాడు. కందగడ్డ గుర్తొచ్చింది, ఎముక పెంకు గుర్తొచ్చింది. ఏది ముట్టుకుంటే ఏమవుతుందో! మూతి ముందుకి పెట్టాడు, వెనక్కి తీసుకున్నాడు.

"నాకూ తెలీట్లేదవ్వా," అన్నాడు ఏడుపుగొంతుతో.

ఓబుళవ్వ నిలబడ్డచోటే కళ్లు తిరిగి దబ్బున పడిపోయింది.

"అవ్వా! అవ్వకి ఏమైంది?"

"ఏమవుతుంది? ఐదురోజులైంది మెతుకు ముట్టి!" అంది నిప్పు. ఇప్పుడది పోట్లాడట్లేదు, ఏడుస్తోంది. "చుట్టం తినందే తను తినకూడదని ఆమె పట్టు. నువ్వు తింటేనే ఆమె తినేది."

"ఆకలి లేదంది కదా!"

"ఆకలి లేనివాళ్లు అట్లా పడిపోతారా అబ్బీ?"

మచ్చడు కంచె దగ్గరికి పరుగెత్తాడు. "మామా, అవ్వ చచ్చిపోయేట్టుంది! ఏది తినాలో తొందరగా చెప్పు!"

తోడేలు కంచె సందులోంచి పడిపోయిన అవ్వని చూసింది. "నువ్వు తినకపోతే ఆమెకి ఆకలెందుకు వెయ్యాలిరా? ఆమె తిండి ఆమె తినొచ్చు కదా? మనలో పడిపోయినవాళ్ల కోసం ఎవరూ ఆగరే. నాకేం అర్థం కావట్లేదు అల్లుడూ." అంటూ అక్కడే కూలబడింది.

మచ్చడు వెనక్కి వచ్చాడు. ఆమెనే అడుగుదామని ముఖంలోకి చూశాడు. కానీ ఆమె చెంప నేలకి ఆనించి పడుంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, ముఖం అడ్డంగా ఉంది. నిటారు మెడతో చూస్తే ఒక కన్ను పైనా, ఒక కన్ను కిందా! నోరేమో నిలువుగా! కోపమో, నొప్పో, ఏం చెబుతోందో, ఒక్క ముక్క తెలీలేదు.

వాడు మెడని పక్కకి లాగాడు. రాలేదు. పళ్లు బిగబట్టి ఇంకా లాగాడు. పుట్టినప్పటినుంచీ వంగని మెడ కటుక్కుమంది. ప్రాణం పోయినంత నొప్పి. అయినా తల వాలింది. అడ్డంగా ఉన్న ఆ ముఖం ఇప్పుడు వాడికి సరిగ్గా కనిపించింది.

ఓబుళవ్వ పచ్చిది ఉన్న గిన్నె వైపు చూడట్లేదు. వండింది ఉన్న గిన్నె వైపూ చూడట్లేదు. వాడి నోటి వైపే చూస్తోంది, తింటాడా తినడా అని.

ఇంక మచ్చడు ఎవర్నీ అడగలేదు. గబుక్కున ఒక గిన్నెలో మూతి పెట్టేశాడు.

ఏ గిన్నె అంటారా? మా పెద్దమ్మ పచ్చిదే అంటుంది. మా మేనత్త కాదు, వండిందే అంటుంది. ఈ ఒక్క మాట మీద వాళ్లిద్దరూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. నన్నడక్కండి, నాకూ తెలీదు. రెండూ తిన్నాడేమో! ఏది తిన్నా అడుగు కనిపించేదాకా తిన్నాడు. ఆమెకి వినబడాలని గిన్నెని గట్టిగా చప్పుడు చేస్తూ నాకాడు.

తర్వాత పొయ్యి దగ్గర అవ్వ తనకని కెలికి ఉంచుకున్న సంగటి పళ్లేన్ని మూతితో నెట్టుకుంటూ తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఓబుళవ్వ పడుకునే చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. ఇంకో చిటికెడు తింది. కాసేపటికి గోడకి ఆనుకుని లేచి కూర్చుంది. కూర్చోగానే, "ఎట్లుంది నాయనా, కడుపు నిండిందా?" అని అడిగింది.

మచ్చడు వాలిన తల వాలినట్టే ఉంచి, ఆమె ముఖంలోకే చూస్తూ, "నువ్వు తిన్నావా అవ్వా?" అన్నాడు.

కుక్కకి పచ్చిది మంచిదా, వండింది మంచిదా అని మనుషులు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. పోట్లాడుకోనివ్వండి. కుక్క మాత్రం ఆ సంగతి అప్పుడే వదిలేసింది. అప్పటినుంచే మనం దగ్గర కూర్చుని ఏం మాట్లాడినా, అది తల పక్కకి వాల్చి మన ముఖంలోకి అట్లా చూస్తుంది. మనమేమో మన మాట దానికి అర్థం కాలేదనుకుంటాం. అది మనల్ని, నువ్వు తిన్నావా అని అడుగుతుంది.